ఒక సీసాకు ఇద్దరు

సెలైన్ స్టాండుతో మనిషిని కొట్టవచ్చునని నాకు యాభై దాటాక తెలిసింది. అంతకు ముందు అన్నేళ్ళూ దాన్ని నేనే బేరమాడి కొన్నాను, తుడిపించాను, కిర్రుమంటే చక్రాలకు నూనె వేయించాను. పైన స్టీలు కొక్కేలు, కింద ఇనుప కాళ్ళు. కొక్కెం తగిలితే చర్మం చీలుతుంది. కాళ్ళ వైపు తగిలితే ఎముక ఎక్కడుందో తెలుస్తుంది. నాకు రెండు వైపులా తగిలింది కాబట్టి ఈ విషయంలో నా మాటకు కొంత బరువుంది. నుదుటి మీద కుట్లు పడ్డాయి, కుట్ర మాత్రం ఏమీ లేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఒక సీసా మందు కోసం జరిగిన గొడవ అది. మందు కోసం కొట్టుకున్నారనగానే మా బంధువులు ఇంకో రకంగా అర్థం చేసుకుని, ఈ వయసులో నీకు ఇదేం అలవాటు అని ఫోన్లు చేశారు.

మాది అనంతపురంలో ఒక విత్తనాల దుకాణం మీద, మొదటి అంతస్తులో ఉన్న చిన్న క్యాన్సర్ క్లినిక్. పొద్దున వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రం బస్సుకు ఇంటికి పోయే చోటు. ఒక డాక్టరమ్మ, ఒక సిస్టరు, ఊడ్చి తుడిచే ఒక ఆయా, నేను. నా పేరు పక్కన ఫార్మసిస్టు అని రాసి ఉంటుంది కానీ నేను చేసేది జోస్యం. వచ్చే నెల ఎవరికి ఏ మందు కావాలి, వాళ్ళలో ఎంతమంది నిజంగా వస్తారు, ఎన్ని సీసాలు తెప్పించాలి అని ముందే చెప్పాలి. తప్పితే డాక్టరమ్మ ఇల్లు పోతుంది. ఆ ఇల్లు బ్యాంకులో తాకట్టు ఉంది మరి.

క్యాన్సర్ కరువు చూసి రాదు. కానీ క్యాన్సర్ ఉన్నవాళ్ళు కరువు చూసుకునే వస్తారు. ఈ సంగతి నాకు మా క్లినిక్కే నేర్పింది. వేరుశనక్కాయ అమ్ముడయిన నెలల్లో కుర్చీలు చాలవు, మెట్ల మీద కూర్చోబెట్టి పేర్లు పిలుస్తాం. చేలు ఎండిపోయిన నెలల్లో, సగం వైద్యంలో ఉన్నవాళ్ళు కూడా కనిపించరు. ఫోను చేస్తే, 'వస్తామప్పా, వాన పడనీ' అంటారు. గడ్డ వాన కోసం ఆగదని వాళ్ళకు చెప్పడం నా ఉద్యోగంలో మరో భాగం. ఇంతలో వాళ్ళ కోసం తెప్పించిన సీసా నా ఫ్రిజ్‌లో కూర్చుని గడువు దాటిపోతుంది. కిందింటి విత్తనాల ఆయన మిగిలిన కాయల్ని గానుగకు తోలేస్తాడు. నా సీసాను ఏ గానుగలో వేయను? చల్లగా ఉంచాల్సిన మందును ఏజెన్సీవాడు వెనక్కి తీసుకోడు. కోల్డ్ చైన్ తెగిందంటాడు. మా ఇంట్లో తెలిసిన చైన్ ఒక్కటే, అదీ ఎప్పుడో తాకట్టుకు పోయింది.

దెబ్బలు తినడం మాకు కొత్త కాదనీ చెప్పాలి. ప్రభుత్వ పథకం కింద చేసిన వైద్యానికి డబ్బు నెలల తరబడి రాదు. ఆ డబ్బు రాకపోతే ఏజెన్సీకి కట్టలేం. వసూలుకు వచ్చిన ఏజెన్సీ మనిషి ఒకసారి నా చొక్కా కాలరు పట్టుకుని బల్ల మీదుగా తన వైపుకు లాగాడు. గుండీలు రాలిపోయాయి. మా సీమలో అప్పు అడగడానికి వచ్చినవాడు 'అప్పా' అని మొదలుపెడతాడు, ఇచ్చినవాడు 'ఏమప్పా' అని మొదలుపెడతాడు. ఆ దీర్ఘంలోనే దెబ్బ ఎంత గట్టిగా పడుతుందో తెలిసిపోతుంది. ఇంకోసారి పథకం అనుమతి ఇంకా రాలేదని చెప్పినందుకు ఒక తండ్రి ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి నా కిటికీ అద్దం పగలగొట్టాడు. తర్వాత అదే కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. ఆయనకు నీళ్ళిచ్చి, నా చేతిలో గుచ్చుకున్న అద్దం ముక్కల్ని తీయించుకోవడానికి సిస్టరు దగ్గరికి వెళ్ళాను.

ఇక జోడు పద్ధతి. రొమ్ము క్యాన్సర్‌కు వేసే ఇంజెక్షన్ ఒకటి చాలా ఖరీదు. సీసాను తెరిస్తే అందులో ఇద్దరికి సరిపోయే మందు ఉంటుంది, తెరిచిన సీసాను మిగిల్చి దాచుకునే ఏర్పాటు మా దగ్గర లేదు. అందుకని ఒకే మందు అవసరమైన ఇద్దరు ఆడవాళ్ళను ఒకే రోజు పిలిచి, ఒక సీసా తెరిచి, ఎవరి బరువుకు తగ్గ మోతాదు వాళ్ళకు తీసి, ఖర్చు చెరి సగం చేస్తాం. ఒక్క ఎద్దే ఉన్న రైతులు ఇద్దరు కలిసి కాడి కట్టుకుని ఒకరి చేను తర్వాత ఒకరిది దున్నుకుంటారు కదా, అలాంటిదే. పద్ధతి పెద్ద ఊళ్ళలోనూ ఉంది. మా ఆడవాళ్ళే దానికి జోడు అని పేరు పెట్టుకున్నారు. 'ఏమప్పా, నా జోడు వచ్చినాదా?' అని అడుగుతూ మెట్లెక్కుతారు. చెప్పులు కూడా జోడే కాబట్టి, నా జోడు తెగిపోయిందని ఒకామె అంటే నేను గాబరాపడి డాక్టరమ్మను పిలిచిన రోజు కూడా ఉంది.

నేను చెప్పబోయే జోడులో ఒకామె గొర్రెలు మేపే అతని భార్య. కళ్యాణదుర్గం అవతలి పల్లె. ముప్పై అయిదు ఉంటాయేమో. బక్కమనిషి, మాట తక్కువ. రెండో ఆమెకు అరవై దాటాయి. పామిడి వైపు భూములున్న కుటుంబం, కొడుకు కాంట్రాక్టులు చేస్తాడు, రాజకీయాల్లో తిరుగుతాడు. పెద్దావిడ ఒళ్ళు కూడా పెద్దదే. మా మేడకు లిఫ్టు లేదు. మొదటి నెలల్లో ఆ కొడుకు తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని పైకి తెచ్చేవాడు. పైకి వచ్చేసరికి అతని చొక్కా తడిసిపోయేది. ఒక్కసారి కూడా మెట్ల మీద ఆగలేదు. అతని గురించి చెప్పేటప్పుడు ఇది వదిలేయకూడదు.

చిన్నామె మొదట 'అమ్మగారూ' అనేది, తర్వాత 'పెద్దమ్మా'కు వచ్చింది. పెద్దామె ఎగతాళి చేసేది.

"ఏమ్మే, గొర్రెల మధ్య పుట్టినావు, నీ ఒంట్లో ఒక పొట్టేలు కండన్నా లేదే. ఈ సీసాలో నాకే ఎక్కువ పోస్తాండారు చూడు. దుడ్లు మాత్రం చెరి సగమంట. నీ మొగుడు అడగడా?"

నిజమే. బరువును బట్టి మోతాదు కాబట్టి పెద్దామెకు సగం కన్నా బాగా ఎక్కువ పడేది. నేను ఆ మాటే గొర్రెలాయనకు చెప్పి, నీ వంతు తగ్గిస్తానన్నాను. ఆయన మెట్ల మీద కూర్చుని కట్టెకు గడ్డం ఆనించి విన్నాడు.

"కాడి కట్టినాక ఏ ఎద్దు ఎంత లాగినాదని ఎవురైనా కొలుస్తారా సార్? సగమంటే సగమే. కొలిస్తే రేపు ఎవురూ జోడు కట్టరు."

ఆయన లెక్కంతా పొట్టేళ్ళలో ఉండేది. సగం సీసా అంటే ఒక పొట్టేలు, ధర పడిపోతే రెండు. ఎండాకాలం మొదట్లో మేత లేక ధర పడిపోయినప్పుడు ఒక ఇంజెక్షన్ తప్పిపోయింది కూడా. అప్పుడు డాక్టరమ్మ ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. ఇంకొక్కటి మిగిలింది. అది చెప్పిన రోజుకు తప్పకుండా పడితే కర్నూలులో ఆపరేషన్. గడ్డ ఇప్పుడు కోయగలిగేంత చిన్నదయింది. ఇది కూడా తప్పితే మళ్ళీ లేస్తుంది, అప్పుడు కోసేవాళ్ళు చేతులెత్తేస్తారు, ఇంతవరకూ పోసిందంతా నేలపాలు. ఆయన తల ఊపాడు. మిగిలిన మందలోంచి మంచి పొట్టేలును ముందే విడదీసి కట్టేశాడు.

ఈ లోపల మా ఏజెన్సీ చేతులెత్తేసింది. పాత బాకీ తీరేదాకా కొత్త సీసా లేదన్నారు. బాకీ తీర్చినా ఆ మందు ఇప్పుడు తమ దగ్గరే లేదని, పైనుంచే రావడం లేదని ఆ తర్వాతి వాక్యంలో అన్నారు. లేని సరుకుకు ఇంత గట్టిగా డబ్బు అడగడం నాకు వింతగా అనిపించింది గానీ, సరఫరా ఆగినచోట పరారీ తప్ప ఇంకో దారి తోచని మనిషిని నేను, పైకి అనలేదు. నా ఫ్రిజ్‌లో ఆ మందు సీసా ఒకే ఒక్కటి మిగిలింది. అది ఈ జోడుది. డాక్టరమ్మ ఫ్రిజ్ తాళం నా జేబులో వేయించి, ఎవరు ఎంత ఇస్తామన్నా అమ్మొద్దన్నారు. బళ్ళారి నుంచి ఒకాయన రెండింతలు ఇస్తానని ఫోను చేశాడు. ఆ మాట డాక్టరమ్మకు చెప్పలేదు. వద్దని నాకు నేను చెప్పుకోవడానికే చాలాసేపు పట్టింది.

ఆ రోజు పొద్దునే ఎండ మండిపోతూ ఉంది. కరెంటు వచ్చిపోతూ ఉంది. పెద్దామెను డ్రైవరు, ఇంకొకతను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించారు, కొడుకు రాలేదు. అంతకు ముందు వారం ఆమెకు తీసిన స్కానింగులో కొత్త మచ్చ కనిపించింది. డాక్టరమ్మ కొడుకును పిలిచి, ఈ ఇంజెక్షన్ ఆపకుండా దీనికి ఇంకో మందు కలుపుదామని చెప్పారు. అతను లేచి వెళ్ళిపోయాడు.

ఇద్దరినీ తూకం వేశాం. ఇద్దరికీ చేతికి సూది పెట్టి, పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టాం. సిస్టరు మందు కలిపే గదిలో సీసా తెరిచి, పెద్ద సెలైన్ సంచిలోకి పెద్దామె మోతాదు, చిన్న సంచిలోకి చిన్నామె మోతాదు తీసింది. పేర్లు అంటించి రెండు సంచుల్నీ ట్రేలో పెట్టింది. అప్పుడు కింద రెండు బండ్లు ఆగిన చప్పుడు వినిపించింది.

మెట్ల మీద చాలా కాళ్ళు. కొడుకు ముందు, వెనక నలుగురైదుగురు. అతను నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మా అమ్మకు ఎన్ని నెలల్నుంచి సగం మందు ఎక్కిస్తాండావు?"

"సగం కాదన్నా, బరువుకు తగ్గట్టు..."

"నా డ్రైవరు కండ్లతో చూసినాడు. ఒక సీసా తెరుస్తారంట, ఆయమ్మకు కొంచెం, మా అమ్మకు కొంచెం. సగం బిల్లు వేసినావు కదా నాకు? నేను పెద్దమనిషినని తగ్గించినారు అనుకుంటి. సగం మందు పోసి సగం దుడ్లు తీసుకుంటివి."

అతను చెప్పింది అచ్చంగా లెక్కలాగే ఉంది. సగం డబ్బుకు సగం సరుకే వస్తుంది, ఏ దుకాణంలోనైనా అంతే. తప్పు ఎక్కడుందో చెప్పాలంటే సీసా ఎంత, మోతాదు ఎంత, మిగిలేది ఎంత అని మొదట్నుంచీ రావాలి. నేను మొదట్నుంచీ రావడానికి గొంతు సవరించుకున్నాను. సవరించుకోవడం పూర్తవకముందే అతని చెయ్యి కిటికీలోంచి వచ్చి నా జుట్టు పట్టుకుంది. ఉన్న కొద్దిపాటి జుట్టు అది. నా మొహాన్ని బల్లకు కొట్టాడు. ముక్కులోంచి వెచ్చగా కారింది.

"మొత్తం సీసా మా అమ్మకు ఎక్కించండి. ఈ పొద్దు, నా కండ్ల ముందర."

డాక్టరమ్మ తన గదిలోంచి బయటికి వచ్చారు. "మొత్తం ఎక్కిస్తే ఆమె గుండె దెబ్బతింటుంది. మీరు కూర్చోండి, నేను చెప్తాను."

"నువ్వు చెప్పేది విని విని మచ్చ వచ్చినాది." ఆమెను భుజంతో తోసేశాడు. ఆమె గోడకు తగిలి, పడకుండా తలుపు పట్టుకున్నారు. అతని వెనక ఉన్నవాళ్ళకు అది సైగ అయింది.

ఒకడు నా అద్దం మళ్ళీ పగలగొట్టాడు. ఒకడు ఫ్రిజ్‌ను వెనక నుంచి తోశాడు, అది తలుపు తెరుచుకుని బోర్లా పడింది, లోపలి సీసాలన్నీ నేల మీద దొర్లి పగిలాయి. వేరేవాళ్ళ మందులు అవి. నా బతుకులో ఎంత జోస్యం చెప్పానో అదంతా ఆ నేల మీద కారుతూ ఉంది. నేను పిచ్చివాడిలా వంగి, పగలనివాటిని ఏరడం మొదలుపెట్టాను. అప్పుడే మొదటిసారి స్టాండు తగిలింది, వీపు మీద, కాళ్ళ వైపు. లేచి చూద్దామనుకున్నాను, రెండోసారి నుదుటి మీద కొక్కెం దిగింది. కంట్లోకి నెత్తురు కారి ఒక కన్ను మూసుకుపోయింది.

మెట్ల మీదున్న గొర్రెలాయన ఆ చప్పుడుకు పైకి వచ్చాడు. ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. స్టాండు ఎత్తినవాడి మణికట్టు మీద కట్టెతో ఒక్కటి వేశాడు. ఎండిన కంపను విరిచినట్టు చప్పుడయింది. వాడు మోకాళ్ళ మీద కూలబడి అరిచాడు. మిగతావాళ్ళు గొర్రెలాయన మీద పడ్డారు. ఆయన కట్టెను అడ్డంగా పట్టుకుని ఇద్దర్ని గోడకు నొక్కాడు, మూడోవాడు వెనక నుంచి ఇంకో స్టాండుతో ఆయన దవడ మీద కొట్టాడు. ఆయన నోట్లోంచి నెత్తురు, దాంతోపాటు ఒక పన్ను బయటికి వచ్చాయి. కట్టె విరిగింది. విరిగిన ముక్కతోనే పొడిచాడు. ఎక్కడ పొడిచాడో నాకు కనబడలేదు, ఒకడు తొడ పట్టుకుని కుంటుకుంటూ మెట్లు దిగిపోయాడు.

ఈ తొక్కులాటలో కొడుకు మందు కలిపే గదిలోకి దూరాడు. సిస్టరు ట్రేకు అడ్డంగా నిలబడింది. ఆమెను చెంప మీద కొట్టాడు. ఆమె ట్రే వదల్లేదు. అతను ట్రే పట్టుకుని గుంజాడు, ఆమె ఇటు గుంజింది. ట్రే ఎగిరి, గుమ్మంలోకి చెదిరి వచ్చిన కిటికీ అద్దం ముక్కల మీద పడింది. పెద్ద సంచి అద్దం ముక్క మీద పడి చీలింది. చిన్న సంచి దొర్లి తలుపు మూలకు పోయింది.

చీలిన సంచిలోంచి మందు నీళ్ళలాగే కారింది. దానికి రంగు లేదు, వాసన లేదు. అతను అర్థం కాక దాన్ని తొక్కుతూ అటూ ఇటూ తిరిగాడు.

"సీసా యాడ? మా అమ్మ సీసా యాడ పెట్టినారు?"

డాక్టరమ్మ గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "మీ అమ్మగారి మందు మీ చెప్పుల కింద ఉంది," అన్నారు.

అతను కిందికి చూశాడు. బయట కొట్లాట కూడా ఆ మాటతో ఆగింది. విరిగిన మణికట్టువాడి మూలుగు ఒక్కటే వినబడుతూ ఉంది.

ఇంకో సీసా తెమ్మన్నాడు. లేదన్నాను. ఆ మాట అతనికి అర్థమయ్యే భాష కాదు. ఫోను తీసి మా ఏజెన్సీకి చేయించాడు. 'మీ బాకీ మొత్తం ఇప్పుడే కడతా, దానికి పైన ఎంత కావాలో చెప్పు' అన్నాడు. అవతలివాడు ఏమన్నాడో నాకు తెలుసు, నాకూ రోజూ అదే అంటున్నాడు. బెంగళూరుకు చేశాడు, బళ్ళారికి చేశాడు. ఒక చోట బతిమాలాడు, ఒక చోట తల నరుకుతానన్నాడు. తల నరుకుతానన్నచోట ఫోను పెట్టేశారు. చేతిలో అంత డబ్బు పెట్టుకుని కొనడానికి ఏమీ దొరకని మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా మందు ఎదురుగా ఉండి, చేతిలో డబ్బు లేని రకం.

అప్పుడతని చూపు మూలనున్న చిన్న సంచి మీద పడింది.

"అది ఎక్కించండి మా అమ్మకు."

"అది ఆమెది," అన్నారు డాక్టరమ్మ. "ఆమె బరువుకు తీసింది. మీ అమ్మగారికి అది సగానికి కొంచెం ఎక్కువ అవుతుందేమో. పని చేయదు."

"ఏదో ఒకటి. ఎక్కించు."

"ఏమిరా," అంది పెద్దామె.

అంతవరకూ ఆమె కుర్చీలోనే ఉంది. సూది పెట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, పక్కనున్న చిన్నామె చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, అంతా చూస్తూ ఉంది. "సగం మందు పోస్తాండారని కదా నువ్వు మనుషుల్ని తోలుకొని వచ్చింది? ఇన్ని నెలలూ నాకు నిండుగానే పోసినారు. ఇప్పుడు నువ్వు పోయించేదే సగం."

"నీకేం తెలీదు, నువ్వుండుమా."

"నాకు తెలీకపాయెనా? తూకం వేసేది నన్ను, నిన్ను కాదు."

అతను ఆమె మాట దాటి చిన్నామె దగ్గరికి వెళ్ళాడు. "లెయ్యి," అన్నాడు. ఆమె లేవలేదు. లేవగలిగే స్థితిలో కూడా లేదు. అతను ఆమె సిగ పట్టుకుని కుర్చీలోంచి లాగాడు. గొర్రెలాయన అరుస్తూ మీదికి రాబోతే ఇద్దరు ఆయన్ను నేలకు అదిమి పట్టారు, ఒకడు మెడ మీద మోకాలు పెట్టాడు. చిన్నామె లేస్తుంటే పెద్దామె ఆమె చేతిని వదల్లేదు. అంత ఒళ్ళున్న మనిషి, అంత గట్టిగా పట్టుకుంది. కొడుకు ఇంకోసారి ఊపుగా లాగాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మీద ఒకరు నేల మీద పడ్డారు. పెద్దామె తల కుర్చీ కాలికి తగిలింది, ఆమె చేతి సూది ఊడి నెత్తురు గోడ మీదికి చిమ్మింది.

చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కించిన తల్లి అతని కాళ్ళ దగ్గర పడి ఉంది. అతని గుప్పిట్లో చిన్నామె వెంట్రుకలు కొన్ని ఉన్నాయి. వాటిని దులుపుకోవడానికి చూశాడు, నెత్తురు తడికి అంటుకుపోయాయి. అతని మనుషులు గొర్రెలాయన్ను వదిలేశారు. ఎవరూ చెప్పకుండానే వదిలేశారు.

తర్వాత కేసు పెట్టడం, రాజీ అనడం, రాజీకి పెద్దమనుషులు రావడం అన్నీ జరిగాయి. అద్దాలకు, ఫ్రిజ్‌కు అతను కట్టాడు. పగిలిన మందుకు కట్టమంటే, కనబడని సరుకుకు లెక్క ఏందని పెద్దమనుషులే అన్నారు. ఫ్రిజ్ కనబడుతుంది, దెబ్బలు కనబడతాయి, నేలలో ఇంకినది కనబడదు. ఆ నష్టం డాక్టరమ్మ తాకట్టు మీదికి ఎక్కింది. ఇవన్నీ తర్వాతి సంగతులు. అప్పటికి మాకున్నది ఒక్క చిన్న సంచి, దాన్ని ఎక్కించాల్సిన ఒక మనిషి.

సిస్టరు సంచిని తిప్పి తిప్పి వెలుతురుకు పట్టి చూసింది. చీలిక లేదు, కారడం లేదు. వాచిన చెంపతోనే చిన్నామెను కుర్చీలో కూర్చోబెట్టి, పడినప్పుడు సూది ఊడిన చేతిని వదిలి, రెండో చేతికి సూది పెట్టింది. సంచి తగిలిద్దామంటే తిన్నగా నిలబడే స్టాండు ఒక్కటీ లేదు. అన్నీ ఎవరో ఒకరి వీపు మీద వంగిపోయాయి. నేను సంచి తీసుకుని తల మీదికి ఎత్తి పట్టుకున్నాను. పొడవు తక్కువ మనిషిని, స్టూలు ఎక్కాను. ఇన్నాళ్ళూ మందును నిలవ పెట్టడమే నా పని అనుకున్నాను, మందే నన్ను అలా నిలబెట్టింది. నుదుటి నెత్తురు గడ్డం మీదుగా చొక్కాలోకి దిగుతూ ఉంటే, 'కొంచెం ఎత్తుగా' అని సిస్టరు గదమాయించింది.

గొర్రెలాయన తన భార్య కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. నోరు కడుక్కోమని ఆయా చెంబు తెచ్చింది. వద్దన్నాడు. ఆ ట్యూబులో పడే చుక్కల్నే చూస్తూ ఉన్నాడు. గుమ్మం వైపు ఎవరి అడుగు వినబడినా విరిగిన కట్టె ముక్క మీదికి చెయ్యి పోయేది. ఇద్దరు పోలీసులు వచ్చారు. 'ఎవరు మొదలుపెట్టినారు?' అని అడిగారు. 'ఇది అయిపోనీయండి, అంతవరకు ఈ గదిలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగకండి' అన్నారు డాక్టరమ్మ. ఆమె గొంతు విని వాళ్ళు బయట నిలబడ్డారు.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది. నా చెయ్యి మొద్దుబారి, అది నాది కానట్టు అయింది. పెద్దామె తలకు కట్టు కట్టించుకుని, పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె చేతికి సూది లేదు. ఆమెకు ఎక్కించడానికి ఏమీ లేదు. చిన్నామె ఒకసారి కళ్ళు తెరిచి, "పెద్దమ్మా, నీకు?" అంది.

"నోరు మూసుకోని పండుకో. మాట్లాడితే సూది కదుల్తాది."

సంచి ముడుచుకుపోయింది. ట్యూబులో మిగిలిన మందు కూడా పోకుండా సిస్టరు వెనకాల కొంచెం సెలైన్ ఎక్కించింది. అది కూడా అయిపోయాక సూది తీసి దూది నొక్కింది. గొర్రెలాయన అప్పుడు లేచి మెట్ల వైపు వెళ్ళి, నోట్లోని నెత్తురంతా ఉమ్మి వచ్చాడు. డాక్టరమ్మ కర్నూలుకు చీటీ రాసి, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపొమ్మన్నారు, ఊరికి కాదు, నేరుగా కర్నూలుకు. పోలీసులు ఆయన్ను ఆపబోతే, కొట్టింది నేనని రాసుకోండి, ఆయన ఎక్కడికి పోతున్నాడో నాకు తెలుసు అన్నారు ఆమె. వాళ్ళు ఆమె వంక చూసి, రాసుకోకుండా ఊరుకున్నారు.

పెద్దామెను కిందికి దించడానికి ఎవరూ లేరు. కొడుకు మనుషుల్లో సగం మంది కట్లు కట్టించుకోవడానికి పోయారు, కొడుకు కింద బండి దగ్గర ఉన్నాడు. ఆమె ఒక చేత్తో గోడ, ఒక చేత్తో నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. నా భుజం విరిగిందేమోనని అప్పుడనిపించింది, ఆమెతో అనలేదు.

"ఏమప్పా, ఆయమ్మికి అంతా ఎక్కినాదా?"

"ఎక్కిందమ్మా."

"చుక్క మిగల్లేదు కదా?"

"లేదు."

"ఇంగ నా సంగతి ఏంది?"

ఆ మందు ఎప్పుడొస్తుందో తెలియదని, వచ్చినా మా దగ్గరికి రాదని, ఇకముందు ఇంత ఖరీదు మందు నిలవ ఉంచే ధైర్యం డాక్టరమ్మకు ఉండదని నాకు తెలుసు. "బెంగళూరులో దొరకవచ్చమ్మా," అన్నాను.

"దొరికితే వీడు సీసా మొత్తం కొంటాడు. మిగిలింది పారబోయిస్తాడు." బండి దగ్గరికి వచ్చాం. కొడుకు వెనక తలుపు తెరిచి నిలబడ్డాడు, నా వైపు చూడలేదు. ఎత్తుకుని కూర్చోబెట్టడానికి చేతులు చాపాడు. ఆమె ఆ చేతుల్ని పక్కకు నెట్టి, తలుపు పట్టుకుని, రొప్పుతూ, తనంతట తానే ఎక్కి కూర్చుంది.